నా సూదీ, ఆలస్యమైన పార్శిళ్లూ

మా వీధిలో ముగ్గురు ఆడపిల్లలు ఇంట్లోంచే ఇంటర్నెట్‌లో సరుకు అమ్ముతున్నారు. అట్టపెట్టెకు టేపు చుట్టాక నన్ను పిలిచి చూపిస్తారు. నేను ఆ పెట్టెను నడుం ఎత్తు నుంచి గచ్చు మీదకు వదిలేస్తాను. మూడుసార్లు. మొదటిసారి వాళ్ల ముఖాలు చూడాలి.

"పిన్నీ, అందులో పింగాణీ ఉందే" అంది మొన్న ఒక పిల్ల.

"ఉంటే ఉండనీ. రైల్లోంచి దించినోడు నీ పింగాణీ అని సూత్తాడేటి" అన్నాను.

పింగాణీ పగల్లేదు. పిల్ల మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో ఇది రాయడం మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్లు పోస్టాఫీసు గోడ పక్కన కూర్చుని పార్శిళ్లు కుట్టినదాన్ని. ఆ పని ఇప్పుడు లేదు. కానీ సరుకు పంపడం, అది ఎప్పుడు చేరుతుందోనని ఎదురుచూడటం, ఆలస్యమైతే తిట్లు తినడం ఇంకా ఉన్నాయి. వాటి గురించి నాకు తెలిసింది చెబుతాను.

దబ్బనం, లక్క

మాది పద్మనాభం వైపు. కంచరపాలెం కోడలినయ్యాను. మా ఆయన హార్బర్లో కళాసీ. ఆయన నడుం పట్టేసి ఇంట్లో పడ్డప్పుడు, నేను హార్బరు దగ్గర గోడౌన్లలో చిరిగిన గోనెసంచులు కుట్టే పనికి వెళ్లాను. దబ్బనం పట్టడం అక్కడే వచ్చింది. ఆ పని తగ్గాక, ఒకావిడ చెబితే పోస్టాఫీసు గోడ దగ్గరికి మారాను. అది తొంభైల మొదట్లో.

అప్పట్లో పార్శిల్ అంటే టేపు కాదు. సామాను చుట్టూ తెల్లటి మల్లు గుడ్డ బిగించి, అంచులు మడిచి కుట్టాలి. కుట్టు పొడుగునా లక్క కరిగించి చుక్కలు వేసి, ప్రతి చుక్క మీదా ముద్ర ఒత్తాలి. ఎవరైనా దారిలో విప్పితే లక్క పగిలి తెలిసిపోతుందని ఆ ఏర్పాటు. నాణెంతో ఒత్తితే ఒప్పుకోరు. నేను మా ఆయన పాత యూనిఫారం కోటు నుంచి ఒక ఇత్తడి బొత్తాం పీకి, దాన్నే ముద్రగా వాడాను. నా దగ్గరున్నవి ఒక గోనెపట్టా, ఒక కొవ్వొత్తి, దబ్బనం, గుడ్డ చుట్ట. గొడుగు ఎండకి నాకు, వానకి పార్శిళ్లకి.

ఈ ఊళ్లో ఉన్నంత రకరకాల మనుషులు మా పద్మనాభంలో నేను చూడలేదు. స్టీలు ప్లాంటులో పని చేసే బీహారు వాళ్లు, నేవీ వాళ్ల భార్యలు, ఓడల మీద పోయే వాళ్ల అమ్మలు, అందరూ ఎక్కడికో ఏదో ఒకటి పంపేవారే. జీడిపప్పు, చీరలు, పుస్తకాలు, ఒకసారి ఒకాయన కుక్కకి వేసే కోటు. ఏ మూటలో ఏముందో ఆకారం చూసి చెప్పేదాన్ని. అడ్రసు మాత్రం చదవలేకపోయేదాన్ని.

సిమ్లాకు వెళ్లిన ఆవకాయ

ఎవరి అడ్రసు చీటీ వాళ్ల మూట మీద పెట్టుకుని కుట్టేదాన్ని. కుట్టు అయ్యాక, అక్కడే కూర్చునే ఒక ముసలాయన చీటీ చూసి గుడ్డ మీద అడ్రసు రాసేవాడు. నాకు చదువు రాదని ఎవరికీ చెప్పలేదు. చీటీ వంక కాసేపు చూసి తల ఊపేదాన్ని.

ఒక వేసవిలో గాలికి రెండు చీటీలు ఎగిరిపోయాయి. ఏరి తెచ్చి, ఏది దేనిదో తెలియక, తెలిసినట్టే పెట్టేశాను. అందులో ఒకటి కొడుక్కి ఆవకాయ పంపుతున్న ముసలమ్మది. కొడుకు భిలాయిలో ఉంటాడు. రెండోది సిమ్లాలో ఉన్న తమ్ముడికి స్వెట్టర్లు పంపుతున్న నేవీ ఆవిడది.

నెల తిరక్కుండా ముసలమ్మ నా గోనెపట్టా ముందు నిలబడింది. కోపంగా లేదు. అయోమయంగా ఉంది.

"అమ్మీ, మా గుంటడు ఉత్తరం రాసినాడు. భిలాయిలో మంట ఎండలంట. నానేటో ఆడికి రెండు స్వెట్టర్లు పంపినానంట."

నేవీ ఆవిడ మర్నాడు వచ్చింది. ఆవిడ తమ్ముడు కార్డు రాశాడట, ఊరగాయ చాలా బాగుంది, ఇంకో జాడీ పంపగలవా అని. ఆవిడ నవ్వుతూనే చెప్పింది. నేను నవ్వలేకపోయాను. ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పి, మళ్లీ ఏం పంపినా గుడ్డ, కుట్టు ఖర్చు నాదేనన్నాను.

అప్పటికి నాకు నలభై దగ్గర పడుతున్నాయి. మా పేటలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పుతుంటే వెళ్లి కూర్చున్నాను. నేర్పే అమ్మాయి ఇంటర్ చదువుతోంది. అ, ఆ లతో మొదలుపెట్టింది. వారం చూసి అడిగాను.

"తల్లీ, ఇవి నేర్సుకుంతాను గానీ, ముందు ఆ ఇంగ్లీషు పెద్దచ్చరాలు సెప్పవా. నా బువ్వ అందులో ఉంది."

పగలు పార్శిళ్లు నా పుస్తకం. నేను మొట్టమొదట చదివిన ఊరి పేరు పూనా. పిన్‌కోడు మొదటి అంకె చూసి ఏ వైపు పోయే మూటో చెప్పడం రెండు నెలల్లో వచ్చేసింది. తెలుగు పుస్తకం తడుముకోకుండా చదవడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి ఒక మాట. మీకు ఏది రాదో అది మొదటి రోజే బయటికి చెప్పేయండి. నా సిగ్గు వల్ల ఒక కొడుకు ఆ ఏడు ఆవకాయ లేకుండా అన్నం తిన్నాడు.

మూర్తిగారి గోరు

నాకు పైఅధికారి అంటూ ఎవరూ లేరు. ఉన్నదల్లా పార్శిల్ కౌంటరు గుమస్తా మూర్తిగారు. నా కుట్టు ఆయనకు నచ్చకపోతే మూట తిరిగి వచ్చేది. మూట తీసుకోగానే తిరగేసి, లక్క చుక్క కింద గోరు దూర్చి లేపడానికి చూసేవాడు. లేచిందంటే నా పని అయిపోయినట్టే.

"నూకాలమ్మా, నా గోరు దూరితే దొంగ చెయ్యి దూరుతుంది. పట్టుకెళ్లు."

మొదటి ఏడాది ఆయన్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. కుట్లు దగ్గర దగ్గరగా వేశాను, లక్క చుక్కలు రెట్టింపు చేశాను, గుడ్డ రెండు పొరలు వేశాను. చివరికి ఒకరోజు ఆయన గోరు విరిగింది. వేలు నోట్లో పెట్టుకునే రసీదు రాసిచ్చాడు. ఆ వేళ నేను మా పేటలో అందరికీ ఆ సంగతి చెప్పుకున్నాను.

మూర్తిగారు మంచి ఉద్యోగి. నన్ను పనిమంతురాలిని చేసింది ఆయనే. కానీ మా ఇద్దరికీ ఒకే లోపం ఉండేది. మూట కౌంటరు దాటాక ఏమవుతుందో ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. కట్టు గట్టిగా ఉంటే పని పూర్తయిందని ఇద్దరం అనుకున్నాం.

సుజాత పచ్చీసు

రెండు వేల అయిదో, ఆరో అయి ఉంటుంది. కొరియర్లు పెరిగి నా గోనెపట్టా దగ్గర జనం పల్చబడ్డ రోజులు. కంచరపాలెంలో రెండు వీధుల అవతల ఉండే సుజాత ఒక చెక్కపెట్టె పట్టుకుని వచ్చింది. రెడీమేడ్ బట్టల కొట్టులో కుట్టుపని మానేసి, ఇంట్లో పచ్చీసు అనే గవ్వల ఆటకి సెట్లు చేస్తోందని అప్పుడే తెలిసింది. నాలుగు రెక్కల గుడ్డ పటం మీద రంగు దారాలతో గళ్లు కుట్టేది. ఆరు గవ్వలు, పదహారు లక్కరంగు చెక్క పావులు చిన్న పెట్టెలో అమర్చేది. పటం చూస్తే నాకే కూర్చుని ఆడాలనిపించింది.

"ఎవలికే ఇది?"

"నాగపూర్లో ఒకాయనకి పిన్నీ. నెట్‌లో కొన్నాడు. ఫొటో పెట్టినాను, సూసి కొనీసినాడు."

"నీకు తెలిసినోడా?"

"తెల్దు."

"నువ్వు ఆడికి తెలుసా?"

"తెల్దు పిన్నీ."

"మరి ఏ నమ్మకం మీద కొన్నాడే?"

"సుక్కలు సూసి" అంది. తర్వాత ఓపిగ్గా విడమరిచి చెప్పింది. సరుకు చేరాక కొన్నవాళ్లు అయిదు చుక్కల్లో ఎన్నో కొన్ని వేసి, ఒక మాట రాస్తారట. ఆ చుక్కలే దుకాణం. తర్వాత వచ్చేవాడు వాటిని చూసే కొంటాడు. అయిదు చుక్కలూ నిండా ఉన్నాయని చెబుతున్నప్పుడు ఆ పిల్ల మొహం చూసి, ఆ రోజు లక్క ఇంకాస్త ఎక్కువే వేశాను.

వారానికి ఒకటి, తర్వాత మూడు, నాలుగు. నాగపూరుకి అయిదు రోజులు, పూనాకి ఆరు, ఢిల్లీకి ఏడు. సుజాత ఒక నోటుపుస్తకంలో పంపిన రోజు, చేరిన రోజు రాసుకునేది. గవ్వలు మన బీచిలోవని కొన్నవాళ్లు మురిసిపోయేవారట. నిజానికి అవి రామేశ్వరం వైపు నుంచి వస్తాయి. ఆ సంగతి ఫొటో కింద రాయమని పోరితే రాసింది. రాశాక కూడా కొన్నారు.

రోజులు పెరిగాయి

ఆ ఏడు వానాకాలంలో లెక్క తప్పింది. నాగపూరు మూటకి తొమ్మిది రోజులు పట్టింది. తర్వాతది పన్నెండు. పూనాది పదహారు. కౌంటరులో అడిగితే మూర్తిగారు "పంపాం" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నది అంతే.

కొన్నవాళ్లకి ఆలస్యం పోస్టుదా, రైలుదా, వానదా అన్నది అక్కర్లేదు. వాళ్లకి కనిపించేది సుజాత పేరు ఒక్కటే. ఒకాయన ఒక్క చుక్క వేసి "మోసం" అని రాశాడు. ఆయనకి సరుకు మర్నాడే చేరింది గానీ ఆ మాట అక్కడ అలాగే ఉండిపోయింది. ఇంకొకావిడ, సుజాత సరుకు పెట్టిన సైటు వాళ్లకి ఫిర్యాదు చేసింది. మరో వారానికి ఇంకో ఫిర్యాదు. అప్పుడు సైటు వాళ్ల దగ్గర్నుంచి నెట్‌లో ఉత్తరం వచ్చింది. మూడో ఫిర్యాదు వస్తే దుకాణం మూసేస్తామని.

సుజాత నెట్ సెంటరు నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి గోనెపట్టా మీద కూలబడింది. కొట్టులో పని వదిలేసింది. ఆ చోట్లో వేరే మనిషి చేరిపోయింది. భర్త నడిపే ఆటో సొంతం కాదు, అద్దెది. ఇంటికి ఆధారం ఈ గవ్వలే.

"దారిలో ఎవులో విప్పి సూత్తన్నారేమో" అన్నాను. నాకు తెలిసిన జబ్బు అదొక్కటే. అందుకే నాకు తెలిసిన మందే వేశాను. గుడ్డ మూడు పొరలు, కుట్టు మీద కుట్టు, లక్క ముద్రలు రెట్టింపు. మూర్తిగారు చూసి "కోటలా ఉంది" అని మెచ్చుకున్నాడు. ఆ కోట పద్దెనిమిది రోజులకి చేరింది.

ఇంతలో పూనా నుంచి ఒకావిడ ఆర్డరు పెట్టింది. వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చి ఉందట. చిన్నప్పుడు ఇద్దరూ పచ్చీసు ఆడేవారట. అమ్మ తిరిగి వెళ్లే తారీఖు కూడా రాసి, ఆలోగా చేరాలని అడిగింది. అప్పటికి సరిగ్గా పది రోజులు. ఆర్డరు రద్దు చేస్తే అదీ ఫిర్యాదు కిందే లెక్క. కొరియరుకి ఇద్దామంటే చెక్కపెట్టె బరువుకి సెట్టు ఖరీదు దాటిపోతోంది.

"పది రోజుల్లో నీ కోట పూనా సేరదు పిన్నీ" అంది సుజాత. ఎత్తిపొడుపు కాదు. అందుకే ఎక్కువ తగిలింది.

సంచి ఎక్కడ ఆగింది

మా అక్క మొగుడు అప్పారావు బావ రైల్వే స్టేషను పక్కన ఉత్తరాలు విడదీసే చోట సంచులు మోసేవాడు. ఇన్నేళ్లలో ఆయన్ని పెళ్లిళ్లలో చూశాను, పురుళ్లలో చూశాను గానీ, నా మూటల గురించి ఒక్క మాట అడగలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. బయట బడ్డీలో టీ తాగుతున్నాడు.

"బావా, నా మూటలు ఎక్కడ ఆగిపోతన్నాయి?"

"నీయి మరీ ఆనమాలేగా మరదలా. ఆ బొత్తాం ముద్దర సూత్తే మా వోల్లు నవ్వుతారు, అప్పారావు మరదలు మల్లీ బీరువా పంపినాదని."

"నవ్వింది సాలు. ఎక్కడాగుతన్నాయో సెప్పు."

గేటు దాకా తీసుకెళ్లి లోపలికి చూపించాడు. ఒక పక్క బల్లల మీద ఉత్తరాలు, కవర్లు. వాటిని ఊరి వారీగా గళ్లలో వేస్తున్నారు, సంచులు కడుతున్నారు, కట్టినవి బండి మీద పోతున్నాయి. ఇంకో పక్క గోడవార గుడ్డ మూటలు. అందులో మూడు నావి. లక్క ఎర్రగా మెరుస్తోంది. అందులో ఒకటి నేను ఆరు రోజుల కింద కుట్టింది.

"ఇదేటి బావా, ఇంకా ఊరే దాటలేదా?"

"గుడ్డ మూటకి యేరే సంచి. ముందు పూనా వైపు సంచి నేరుగా ఎల్లిపోయేది. ఇప్పుడు దారి మారినాది. అన్ని ఊర్ల మూటలూ ఒకే సంచిలో ఏసి, మద్దెలో దింపి మల్లీ ఇడదీత్తారు. సంచి నిండితే గానీ కదలదు. ఉత్తరాలు అలగ కాదు. నిండినా, నిండకపోయినా ఏ రోజుయి ఆ రోజు రైలెక్కాల."

"కవర్లో గట్టి సామానుంటే?"

"ఏ సామానైతే మాకేటి. పల్సగా ఉండి, ఉత్తరం టిక్కెట్టు అంటించుంటే అది ఉత్తరమే. గుడ్డ కట్టి లక్కేత్తే పార్శిలు. కట్టేది నువ్వే కదా."

టీ తాగమన్నాడు. గ్లాసు పట్టుకున్నాను గానీ తాగానో లేదో గుర్తులేదు. దొంగ చెయ్యి దూరకుండా పదిహేనేళ్లు సూదితో కాపలా కాశాను. ఆ సుజాత మూటలకి దొంగల బెడదే లేదు. వాటిని గోడవార కూర్చోబెట్టింది నా కుట్టే. మూడు పొరలు వేసినందుకు బరువు పెరిగి, పెద్ద మూటల కుప్పలో అడుక్కి కూడా పోయాయి.

ఒక రోజు దాచాను

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. ఆ రోజు సుజాతకి ఈ మాట చెప్పలేదు.

గోడ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఒకాయన చీరల మూట తెచ్చాడు, కుట్టాను. కవర్లో వెళ్తే వేగంగా పోతుందని సుజాతకి తెలిస్తే, రేపు ఆ పిల్ల రాదు. ఎల్లుండి అది విన్నవాళ్లెవరూ రారు. నాకు వచ్చిన పని ఇదొక్కటే. సాయంత్రం దాకా ఆ ఆలోచనే చేశాను. పూనా ఆవిడ అమ్మ ప్రయాణం తొమ్మిది రోజుల నుంచి ఎనిమిది రోజులకి వచ్చింది.

మర్నాడు పొద్దున్న సుజాత ఇంటికి వెళ్లాను. గుమ్మంలో కూర్చుని పటం అంచు కుడుతోంది. పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి నిలబడ్డ నన్ను చూసి, పని ఆపకుండానే "రా పిన్నీ" అంది. మొత్తం చెప్పాను. విని, సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"ఈ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న పొద్దున్న."

"నిన్న నానక్కడికొచ్చి గంట సేపు కూకున్నాను కదా."

"కూకున్నావు."

"నీ పక్కనే కూకున్నాను."

"అవునే. నా బేరం పోతాదని నోరు మూసుకున్నాను. తిడితే తిట్టు."

తిట్టలేదు. లేచి లోపలికి పోయి చెక్కపెట్టె తెచ్చి నా ముందు బోర్లించింది. పావులు, గవ్వలు గచ్చు మీద దొర్లాయి.

"అయితే దీన్ని ఉత్తరం సెయ్యి. నువ్వే సెయ్యాల" అంది.

ఉత్తరంలా పల్చగా

పెట్టె వదిలేశాం. గుడ్డ పటం మడిస్తే పల్చగానే ఉంది. చిక్కంతా గవ్వలతోనూ, పావులతోనూ. గవ్వ వీపు ఉబ్బుగా ఉంటుంది. మా పద్మనాభంలో పాత గవ్వలకి వీపు అరగదీసి ఉండేది. అలా అయితే నేల మీద బాగా పడతాయని ఆడేవాళ్ల నమ్మకం. అది గుర్తొచ్చి ఒక గవ్వని సానరాయి మీద రుద్దాను. అరగంటకి సగం మందం అయింది. సుజాత వేసి చూసింది.

"ఓలమ్మ, ముందుకంటే బాగా పడతన్నాయి."

ఆ పూటంతా రుద్దాం. వేళ్ల చివర్లు తెల్లగా పిండి పట్టినట్టు అయ్యాయి. పావుల బదులు, సుజాత పాత కొట్టు నుంచి తెచ్చుకున్న నాలుగు రంగుల పెద్ద బొత్తాలు పెట్టాం. మిగిలింది కదలకుండా పట్టి ఉంచడం. కవర్లో గవ్వలు దొర్లితే కాగితం చిరుగుతుంది. అక్కడ నా దబ్బనం పక్కన పెట్టి సన్న సూది అడిగాను. పటం వెనక వైపు ఒక పట్టీ కుట్టి, గవ్వకో అర, బొత్తాంకో అర చేశాను. నడుం చుట్టూ కట్టుకునే రూపాయల సంచీ లాంటిది. మడిచి, అట్టముక్క పెట్టి, గట్టి కవర్లో దూర్చాం. నా అలవాటు చొప్పున మూడుసార్లు కింద పడేశాను. చప్పుడు రాలేదు.

మర్నాడు కౌంటరులో మూర్తిగారు కవరు తీసుకుని అటూ ఇటూ ఊపాడు. వేలితో నొక్కాడు. గోరు దూర్చడానికి లక్క కోసం వెతికాడు.

"ఏమిటిది?"

"ఉత్తరం బాబూ. రిజిస్టరు సెయ్యండి."

"ఇందులో గవ్వలున్నాయా? దొర్లడం లేదే. నీ కుట్టు ఏదీ?"

"లోపలుంది."

కవరు తూచి, ఉత్తరం కిందే రసీదు రాశాడు. అప్పటికి ఏడు రోజులు మిగిలాయి.

అదే రోజు సుజాత ఫొటో కింద రాసిన రోజుల లెక్క మార్పించాను. అంతకుముందు "అయిదు రోజుల్లో" అని ఉండేది. అది అన్నిటికంటే తొందరగా చేరిన మూట లెక్క. "పది రోజులు పట్టవచ్చు, తొందర ఉన్నవాళ్లు ముందే అడగండి" అని రాయమన్నాను. ఇలా రాస్తే ఎవరు కొంటారని ఆ పిల్ల గొణిగింది. ఆ వారం నిజంగానే ఒక్క ఆర్డరూ రాలేదు. తర్వాత వారం నుంచి వచ్చాయి. ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే. మీ సరుకు ఎంత తొందరగా చేరగలదో చెప్పకండి. ఎంత ఆలస్యం కాగలదో చెప్పండి. ఎదురుచూసేవాడికి తెలిసిన పది రోజులు బరువుండవు. తెలియని ఏడో రోజే బరువు. ఇంకో మాట. మీ సరుకు మీ చెయ్యి దాటాక ఎవరి చేతిలోకి పోతుందో ఒక్కసారైనా వెళ్లి చూసి రండి. నాకు ఆ స్టేషను గేటు దాకా నడవడానికి పదిహేనేళ్లు పట్టింది. ఇంటి నుంచి అది ముప్పావు గంట దూరం.

పూనా ఆవిడ మాట

నాలుగో రోజు నుంచి సుజాత నెట్ సెంటరుకి రోజూ పోయేది. వచ్చేటప్పుడు గోడ దగ్గర ఆగి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయేది. అయిదో రోజూ అంతే. ఆరో రోజు నన్ను కూడా రమ్మంది. ఒక్కదానికీ చూడబుద్ధి కావడం లేదంది. గొడుగు ముడిచి వెళ్లాను. పూనాలో అమ్మ ప్రయాణం మర్నాడే.

సుజాత తెర ముందు కూర్చుంది. నేను కుర్చీ వెనక నిలబడ్డాను. పేజీ మెల్లిగా, పై నుంచి కిందకి ఒక్కో ముక్క తెరుచుకుంది. పాత చుక్కలు, "మోసం" అన్న మాట, దాని పైన కొత్తగా ఒక వరస.

సుజాత ఒకసారి లోలోపల చదువుకుంది. తర్వాత పైకి తెలుగు చేసి చెప్పింది.

"నిన్న సేరిందంట. ఆలమ్మతో రెండాటలు ఆడిందంట. రెండిట్లోనూ ఆలమ్మ తొండి సేసి గెలిసిందంట."

"సుక్కలెన్ని?"

"నాలుగు."

"అయిదోది ఏమయింది?"

"బొత్తాలు నచ్చలేదంట. పావులు పావుల్లాగ ఉండాలంది." సుజాత తెర వంక గుర్రుగా చూసింది. "ఆట ఆడినాది, నవ్వినాది, మల్లీ ఒక సుక్క మింగీసినాది. ఏటి మనుసులో పిన్నీ."

"ఆవిడన్నది నిజమేనే. బొత్తాం బొత్తాంలాగే ఉంతాది" అన్నాను.

ఫిర్యాదుల గడిలో రెండే ఉన్నాయి. సుజాత వేలితో తెర మీద ఆ అంకెను తాకి చూసుకుంది, తడిమితే చెరిగిపోతుందేమో అన్నట్టు. దుకాణం నిలబడింది. ఆ వారంలో మరో రెండు ఆర్డర్లు ఉన్నాయి, రెండూ పల్చటి సెట్లకే. పక్క కుర్చీలో ఉన్నాయన మా ఇద్దరి గోల వినలేక లేచి వేరే చోటికి మారాడు.

బయటికి వచ్చాక నేను పోస్టాఫీసు వైపు తిరిగాను. సుజాత నా గొడుగు పట్టుకుని ఆపింది.

"అటేల? లక్కపని సేసేవోల్లు మా వీధి సివర ఉన్నారు. సెక్కని బిల్లల్లాగ పల్సగా కోసి రంగేత్తారేమో అడుగుదాం. అరల కొలతలు నీకే తెలుసు."

"గోడ దగ్గర ఎవులైనా వొత్తారేమోనే."

"వొత్తే కవర్లో పెట్టుకోమని మూర్తిగారు సెప్తారులే. నడు."

నడిచాను. ఆ మధ్యాహ్నం మేమిద్దరం లక్కపని ఆయన ముందు కూర్చుని బిళ్ల ఎంత మందం ఉండాలో తేల్చలేక చాలాసేపు పోట్లాడుకున్నాం. చివరికి నా మాటే నెగ్గింది. కుట్టేది నేను కదా.